ఎనుక నుంచి పిలువని పిల్లతోని ఆదిలాబాద్ దాక

మేం పోయొచ్చినప్పటి సంది మా కాలనీల నల్లా కాడ, కూరగాయల బండి కాడ, అందరు ఒక్కటే అడుగుడు. "అక్కా, అఖిలను ఉంచుకున్నరా, తీసేసిండ్రా?" అని. ఒక్కరికి చెప్తే ఇంకొకరికి సగం చేరుతది, మూడో మనిషికి ఇంకో కథ అయితది. అందుకే మేం పోయిన తొవ్వ పోయినట్టు రాస్తున్న. ఎవరికి ఓపికుంటే వాళ్ళు సదువుకోండ్రి.

తెల్వనోళ్ళకు జర ముందుగాల చెప్తె మంచిది. మాది మంచిర్యాల దిక్కు బొగ్గుబాయి కాలనీ. మా బిడ్డ అఖిల ఫుట్‌బాల్ ఆడుతది. ఊకె ఆడుడు కాదు, నెల జీతం మీద ఆడుతది. చిన్నప్పుడు బొగ్గు దుమ్ముల మొగపిల్లలతోని ఆడి, కాళ్ళు నల్లగ చేసుకొని ఇంట్లకొస్తుండె. ఆ ఆట జూసి స్పోర్ట్స్ హాస్టల్ల ఏసుకున్నరు. ఆడికెంచి రాష్ట్రం టీముకు, ఆడికెంచి పట్నం క్లబ్బుకు పోయింది. నడిమిట్ల ఆడుతది. ముందటోళ్ళు గోల్ కొడ్తరు, ఎనుకటోళ్ళు ఆపుతరు, నడిమిటి పిల్ల మాత్రం ఇద్దరి పని చెయ్యాలె. మా ఇంట్ల నా పని అసొంటిదే కాబట్టి నాకు జల్దినే సమజయింది.

ఈ యేడు సీజన్ మొదలుగాక ముందు గా క్లబ్బోళ్ళు కరీంనగర్ల ఒక ఆట, ఆదిలాబాద్ల ఒక ఆట పెట్టుకున్నరు. రెండు అయినంక ఎవరిని ఉంచుకునేది, ఎవరిని ఇంటికి తోలేది చెప్తమన్నరు. మేం ఇద్దరం, నేనూ అఖిల వాళ్ళ బాపూ, బిడ్డ ఆట కండ్లార ఎన్నడు సూడలే. టీవీల సూసుడే. రెండు చీరలు సంచిల ఏసుకొని బయలెల్లినం.

కరీంనగర్: స్టేడియం మెట్ల మీద

కరీంనగర్ మస్తు పెద్దగయింది. చాయ్ మా దగ్గర పది, ఆడ పదిహేను. కప్పు మాత్రం మా దాంట్ల సగం. "గిది చాయా, దగ్గుమందా?" అన్నడు మా ఆయన. చాయ్ పోసే ఆమె సుత నవ్వి, ఇంకో గుటికెడు పోసింది. బయట సర్వపిండి అమ్ముతుండ్రు. నువ్వులు తక్కువ, కారం ఎక్కువ. తిని, నీళ్ళు తాగి, మెట్ల మీద కూసున్నం.

ఆట మొదలయింది. నా బిడ్డ ఉరుకుడు సూస్తే నాకే దమ్మొచ్చింది. ఈ కొస కెంచి ఆ కొసకు, మల్ల ఎనుకకు. మా పక్కన కూసున్న డ్రిల్లు సారొకాయన, "గా పిల్లకు రెండు గుండెలున్నయా ఏంది?" అన్నడు. నేను మురిసిన. గా మురిపెం ఎక్కువసేపు ఉండలే.

రోజీ అని ఒక పిల్ల ఉంది, జార్ఖండ్ పిల్ల. అఖిలతోని ఒక్క రూముల ఉంటది. బంతి ఆమె కాళ్ళ కాడికొచ్చింది. ఆమె వీపు అవతలి టీము దిక్కున్నది. ఎనుక నుంచి ఒక పొడుగు పిల్ల జోరుగ వస్తుంది. అఖిల సూసింది. నాకు మెట్ల మీది నుంచి ఎరుకైతుంది, అది సూసింది. అసొంటప్పుడు 'ఎనుక మనిషుంది' అని కేకెయ్యాలె, అది వాళ్ళ ఆటల మొదటి పాఠమట. అఖిల కేకెయ్యలే. లగాయించి ఉరికి, రోజీ చుట్టు తిరిగి, ఆమె ముందటికొచ్చి చెయ్యి ఊపవోయింది. అంతల్నే ఆ పొడుగు పిల్ల గుద్దింది. రోజీ కాలు మడతవడి, పట్టుకొని పొర్లింది.

నేను మా ఆయన దిక్కు సూసిన. ఆయన తలకాయ కిందికేసుకున్నడు.

ఎందుకంటే, గా చుట్టు తిరిగి ముందటికి పోవుడు ఏందో ఆ స్టేడియంల మా ఇద్దరికే తెలుసు. బాయికి పోయేటోన్ని ఎనుక నుంచి పిలువద్దు. మా కాలనీల ఏ ఇంట్లనన్న అంతే. టిఫిన్ డబ్బ మర్చిపోయినా పిలువద్దు, ఉరికి ముందటికి పోయి, ఎదురుంగ నిలబడి చేతికియ్యాలె. పిల్లలకు నడక రాంగనే నేర్పుతం. అఖిల చిన్నగున్నప్పుడు ఒకనాడు మర్చిపోయింది. ఆయన గేటు దాటంగ "బాపూ!" అని ఎనుక నుంచి పిలిచింది. గొలుసు కావాలని కావొచ్చు, బిస్కిటు కావాలని కావొచ్చు, పిల్లల పిలుపు. ఆయన మల్లొచ్చి, జరసేపు కూసొని, నీళ్ళు తాగి పోయిండు. గా షిఫ్టుల్నే బాయిల పైకప్పు కూలి ఆయన కాలు మీద పడ్డది. ఇప్పుడు కిందికి దిగడు, పైన ల్యాంపు రూముల దీపాలిచ్చే పని.

ఇంట్ల ఎవ్వరం ఆ పిల్లను ఒక్క మాట అనలే. అనలే కాబట్టి అదేమనుకుంటుందో అడగలే సుత.

ఆట అయినంక కోచ్ మేడం మమ్ములను పిలిచింది. కాకిలెక్క సన్నగుంటది, చూపు మాత్రం సూదే. మాతోని హిందీల మాట్లాడింది. మా కాలనీల అన్ని రాష్ట్రాలోళ్ళుంటరు, నాకు హిందీ తిప్పలు లేవు. "మీ బిడ్డ కాళ్ళు బంగారం. కానీ నడిమిట్ల ఆడేటోళ్ళకు నోరుండాలె. కేకేసుడు ఒక్క సెకండు పని, ఈమె దానికి యాభై గజాలు ఉరుకుతది. రెండో సగానికి అలిసిపోతది, దోస్తులకు దెబ్బలు తాకుతయ్. ఎన్ని సార్లు చెప్పినా 'అట్లనే మేడం' అంటది. ఆదిలాబాద్ల నోరు తెరవకపోతే ఈమె జాగల ఇంకొకరు వస్తరు" అన్నది. పిల్లను ఒక్క దినం మాతోని తోలింది. "ఇంటోళ్ళు మాట్లాడుండ్రి" అన్నది.

జన్నారం అడవి: టైరు పోయిన కాడ

తెల్లారి మంచిర్యాల మీదికెంచి ఆదిలాబాద్ దిక్కు పోయే బస్సు ఎక్కినం. జన్నారం దాటంగనే టేకు చెట్లు రెండు దిక్కుల గోడలు కట్టినట్టుంటయ్. పులులు తిరిగే అడవి. అఖిల కిటికి కాడ కూసున్నది. నేను రోజీ కాలెట్లుందని అడిగిన. "వాచింది" అన్నది. గంతే.

అడవి నడిమిట్ల టైరు పోయింది. అందరం దిగినం. కండక్టరమ్మ, "దూరం పోకుండ్రి, మీ టికెట్టుకు పులి బాధ్యత నాది కాదు" అన్నది. మా ఆయన కాలు పట్టేసిందని రోడ్డు మీద మెల్లగ ముందుకు నడుసుకుంట పోయిండు. బాయిల డ్రిల్లు సప్పుడుకు ఆయన చెవులు సగం ఎప్పుడో పోయినయ్.

గప్పుడు మా ఎనుక ఎత్తు కాడి ఉతారం మీదికెంచి ఒక ట్రాక్టరు దిగింది. డీజిల్ కలిసొస్తదని ఇంజన్ బందువెట్టిండు వాడు. సప్పుడు లేదు. ట్రాలీ నిండ కట్టెలు. ఈయన రోడ్డు నడిమిట్ల, తల కిందికేసుకొని, వీపు అటువెట్టి నడుస్తుండు.

నాకు కనవడ్డది. నోరు తెరిచిన. సప్పుడు రాలే. ఉన్నదున్నట్టు చెప్తున్న, రాలే. గిన్ని ఏండ్ల అలవాటు గొంతు పట్టుకున్నది.

అఖిల అప్పటికే ఉరుకుతుంది. ట్రాక్టరు పక్కపొంటి, దాన్ని దాటుకొని, వాళ్ళ బాపు చుట్టు తిరిగి, ముందటికొచ్చి, రొమ్ము మీద రెండు చేతులేసి పక్కకు నూకింది. ఇద్దరు కాల్వల పడ్డరు. ట్రాలీల నుంచి ఒక కట్టె జారి, ఆయన నిలబడ్డ కాడనే పడ్డది. ట్రాక్టరోడు బ్రేకు కొట్టి దిగి, చేతులు జోడిస్తుండు.

కండక్టరమ్మ ఉరికొచ్చి మమ్ములనే తిట్టింది. "తల్లీబిడ్డలు ఇద్దరు నోట్ల నీళ్ళు పోసుకున్నరా? 'కాకా, జరుగు' అని ఒక్క కేకేస్తే అయిపోతుండె గద! గా పిల్ల జర తక్కువ ఉరికితే ఏమైతుండె?"

ఆయన మోచెయ్యి గీసుకపోయింది. లేసి, అంగి దులుపుకొని, బిడ్డ మీద గుస్స చేసిండు. "నిజమే గద. పిలువొచ్చు గదనే? నోరు లేదా నీకు?"

అఖిల మొఖం ఎర్రగయింది. "పిలిస్తే ఏమయిందో నీకెరుక లేదా బాపూ?" అన్నది.

అంతే. ఇన్నేండ్లు ఇంట్ల ఎవ్వరం ముట్టని మాట, అడవి నడిమిట్ల, టైరు విప్పుతున్న మనుషుల ముంగట బయటవడ్డది. కల్వర్టు మీద కూసున్నం ముగ్గురం. ఆయన చెప్పు ఇప్పి, రాయి తీసి, మల్ల ఏసుకున్నడు.

"అఖిలా, గా షిఫ్టుల నాతోని ఇంకో ముగ్గురికి దెబ్బలు తాకినయ్. వాళ్ళనెవరు పిలిచిండ్రే ఎనుక నుంచి?"

"నాకు తెల్వదు."

"ఎవ్వరు పిలువలే. కప్పు పొద్దుగాల్నుంచే పలుకుతుంది, కిర్రు కిర్రుమని. మాకందరికి ఇనవడ్డది. కింద ఆనిచ్చే దిమ్మెలు పెట్టుడు ఆలస్యమయింది, పడ్డది. నీ పిలుపు ఇని పడేటందుకు కప్పుకు చెవులున్నయా?"

"గప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే గదనే. మర్చిపోయినవనుకున్న."

అఖిల నవ్వలే, ఏడవలే. "నువ్వు చెప్తే నిజమే అనిపిస్తుంది బాపూ. కానీ నోరు తెరుస్తే ఈడ అడ్డం పడ్తది" అని గొంతు సూపిచ్చింది. "బుద్ధికి తెలుసు. దీనికి తెల్వదు."

బస్సు హారన్ కొట్టిండ్రు. ఎక్కినం.

ఉట్నూరు: ఆడిబిడ్డ ఇల్లు

ఉట్నూర్ల మా ఆడిబిడ్డ ఉంటది. మేం అన్నం తినెటోళ్ళం, వాళ్ళింట్ల రెండు పూటల జొన్నరొట్టె. పచ్చిమిరపకాయ, ఎల్లిపాయ కచ్చపచ్చ దంచి పెట్టింది. ఠేచా అంటరట, మరాఠోళ్ళ నుంచొచ్చింది. నా చెవుల్నుంచి పొగలొచ్చినయ్. "వదినే, బొగ్గుబాయిల బతికెటోళ్ళు గీ మంటకు భయపడితే ఎట్లా?" అని ఎక్కిరిచ్చింది. పక్కింటి గోండు ఆమె ఇప్పపువ్వు లడ్డులు తెచ్చింది. "రామ్ రామ్" అన్నది, మేం సుత రామ్ రామ్ అన్నం. మేం ఊర్లె ఎవరన్న వస్తే 'ఎప్పుడొచ్చిండ్రు' అంటం, ఇక్కడ ముందుగాల దండం పెట్టినంకనే మాట.

ఆడిబిడ్డకు సంగతి చెప్పిన. ఆమె ఊకుండే మనిషి కాదు. పొద్దుమూకక ముందు వాకిట్లకు పోయి, బిందె నెత్తి మీద పెట్టుకొని, మాకు వీపు వెట్టి నిలబడ్డది. "అఖిలా, నా ఎనుక పామొస్తుందనుకో. పిలువు నన్ను. పిలిస్తెనే రాత్రికి కోడికూర."

అఖిల నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బినయ్. సప్పుడు లేదు. ఆఖరికి కాళ్ళు ఆగలే, ఉరికి అత్త ముందటికొచ్చి నిలబడ్డది.

ఆడిబిడ్డ ముందు పక్కున నవ్వింది. పిల్ల మొఖం సూసినంక బిందె దించి, కోడికూర వండనీకి లోపలికి పోయింది.

తినెటప్పుడు కోచ్ మేడం ఫోన్ చేసింది. అఖిల "జీ మేడం, జీ మేడం" అన్నది. పెట్టేసినంక మాతోని చెప్పింది: రోజీ జాగల మణిపూర్ నుంచి థోయి అని కొత్త పిల్ల ఆడుతదట, పదిహేడేండ్లది. దానికి అందరికంటె ఎక్కువ కేకలెయ్యాలె. మొదటి సగం సూస్తరట. గప్పటిదాక నోరు లేవకపోతే, రెండో సగంల ఇంకొకరిని దింపుతరట. గా దిగిన పిల్లకే సీజన్ ఒప్పందం మీద సంతకం.

ఇప్పపువ్వు లడ్డు ఎంత తియ్యగుండెనో ఎవరన్న అడిగితే నేను చెప్పలేను. తిన్న, గంతే.

ఆదిలాబాద్: పోహా, ఎండ

ఇంద్రవెల్లి దాటినంక పత్తి చేన్లే చేన్లు. ఆదిలాబాద్ల దిగంగనే మాటనే మారుతది. ఒకామె నన్ను "మావ్షీ" అన్నది, అంటే చిన్నమ్మ అని. పొద్దుటి పూట ఇడ్లీ అడిగితే పోహా పెట్టిండ్రు. అటుకుల మీద సన్న కారప్పూస సల్లి, నిమ్మకాయ పిండి ఇస్తరు, ఇరవై రూపాలు. మా దిక్కు అటుకులు పేదోళ్ళ తిండి అంటరు, ఇక్కడ సర్కారు కొలువోళ్ళు సుత నిలబడి తింటుండ్రు. అఖిల మాత్రం పొద్దుగాలనే టీముల కలిసింది. పోయేటప్పుడు మా మొఖాలు సూడలే.

గ్రౌండు కాడ షామియానా ఏసిండ్రు గని నీడ వీఐపీలకే. మేం ఎండకు కూసున్నం. నా పక్కన పల్లి పట్టీలమ్మే ముసలామె గంప దించుకొని కూసున్నది. సగం మరాఠి, సగం తెలుగు.

"తుమ్చీ బిడ్డ ఏది మావ్షీ?" అన్నది.

"నడిమిట్ల ఉరుకుతుంది సూడు, జడ మడిచి కట్టింది."

ఆమె శానసేపు సూసింది. "గా పిల్లా? వచ్చిన కాడికెంచి ఉరుకుతనే ఉంది. బంతి ముట్టంగ నేను సూడలే. దేనికి ఉరుకుతుందమ్మా, బస్సు పోయిందా?"

ఇంకో దినమైతే నవ్వేదాన్ని. అఖిల థోయి చుట్టు తిరుగుతుంది. థోయి కాడికి బంతి వస్తే సాలు, ఉరికి ముందటికొచ్చి చేతులతోని సూపిస్తుంది. రెండు సార్లు పని ఒడ్డెక్కింది. మూడోసారి థోయి కిందపడ్డది, లేసి అఖిల మీద ఏదో వాళ్ళ భాషల అరిచింది. భాష రాకున్నా అది ఏందో ఎవరికన్న ఎరుకైతది.

సగం అయ్యింది. ఎవరికీ గోల్ లేదు. మేడం అఖిలను పక్కకు తీసుకపోయి ఏం చెప్పిందో ఇనరాలే. గీత కాడ ఇంకో నడిమిటి పిల్ల కాళ్ళు సాగదీసుకుంట ఉరుకుడు మొదలువెట్టింది. మా ఆయన తన మోకాలు పట్టుకొని పిసుకుతుండు. నొప్పొస్తే కాదు, బుగులైతే అట్ల చేస్తడు.

ఆదిలాబాద్: రెండో సగం

రెండో సగంల సుత అఖిలనే దింపిండ్రు. జరసేపు సూద్దామనుకున్నదేమో మేడం. కానీ ఆ రెండో పిల్ల పైన ఏసుకున్న పచ్చ జాకెట్టు తీసేసి, గీత మీద నిలబడ్డది. ఇంకొక్క తప్పు, ఆమె లోపలికి, నా బిడ్డ బయటికి.

గప్పుడొచ్చింది బంతి. గాల్ల లేసొచ్చి థోయి కాళ్ళ కాడ పడ్డది. ఆమె వీపు అటు. ఎనుక నుంచి అవతలి టీము పిల్ల వస్తుంది, మట్టి లేస్తుంది. అఖిల శాన దూరంల ఉన్నది. ఎంత ఉరికినా ముందటికి అందది. అది ఉరుకుడు మొదలువెట్టి, రెండు అడుగులేసి, ఆగింది. ఆట మొత్తం మీద అది ఆగుడు అదే మొదలు.

"ఎనుకా!"

చినిగిన బట్టలెక్క వచ్చింది గొంతు. ఇంగ్లీషు కాదు, హిందీ కాదు, మన మాట. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు.

థోయికి తెలుగేం తెలుసు? మూగది అనుకున్న పిల్ల అరిచేసరికి బిత్తరపోయి అఖిల దిక్కు సూసింది. గా సందుల ఎనుకటి పిల్ల బంతి గుంజుకున్నది. ఉరకలే, ఆడికెంచే కొట్టింది. గంత దూరం కెంచి. బంతి వంకర తిరిగి, మనోళ్ళ గోల్ కీపర్ చేతుల మీదికెంచి వలల పడ్డది.

గ్రౌండంత లేసి నిలబడ్డది. "అరే బాప్రే!" అని ముసలామె గంప మీద చెయ్యేసింది. నేను లేవలే. పిలిచింది, పిలిచినంక కూలింది. మల్ల అదే అయింది. ఇగ ఈ జన్మల నోరు తెరవది అనుకున్న.

అఖిల నడుము మీద చేతులేసుకొని నేల దిక్కు సూస్తుంది. గీత మీది పిల్ల మేడం దిక్కు సూసింది, పోదునా అన్నట్టు. మేడం చెయ్యి అడ్డం పెట్టింది. పో అనలే, వద్దు అనలే. అందరం అఖిల దిక్కే సూస్తున్నం.

బంతి నడిమిట్ల పెట్టి మల్ల మొదలువెట్టిండ్రు. తిరిగి తిరిగి థోయి కాడికే వచ్చింది. మల్ల వీపు అటే. మల్ల ఎనుక ఒక పిల్ల.

అఖిల మల్ల దూరంల్నే ఉన్నది.

"ఎనుకా! థోయీ, ఎనుకా!"

ఈసారి చెయ్యి సుత చూపిచ్చింది. థోయి సూడకుంటనే బంతి పక్కకు తన్నింది. ఎనుక నుంచొచ్చిన పిల్ల ఖాళీ మట్టి తన్ని జారిపడ్డది.

ఇగ చూడుండ్రి. "ఎనుకా! కుడికీ! ఆగూ! ఇడ్సిపెట్టూ!" అని ఆట అయ్యేదాక నోరు మూయలే. బాయి కాడ అందరికి పని చెప్పే సర్దార్ లెక్క. గొంతు పోయింది, అయినా ఆపలే. ఉరుకుడు సగం తక్కువయింది, బంతి మాత్రం కాళ్ళ కాడికి తనంతట తానే వస్తుంది. పల్లి పట్టీలామె, "గిప్పుడు బస్సు దొరికినట్టుంది" అని రెండు పట్టీలు మా ఒళ్ళె ఏసింది, పైసలు తీసుకోలే. గీత మీది పిల్ల పచ్చ జాకెట్టు మల్ల తొడుక్కొని కూసున్నది. నాకు ఆ పిల్ల మీద జాలైంది సుత. దానికి సుత నా అసొంటి ఒక అవ్వ ఉంటది గద.

ఓడిపోయినం. ఆ ఒక్క గోల్ తోనే.

బస్సు కదిలే ముందు

మేడం మా దగ్గరికొచ్చింది. నేను లేసి నిలబడ్డ. "ఈ పిల్ల గొంతుకు ఉప్పునీళ్ళు ఇయ్యుండ్రి. సోమవారం ప్రాక్టీసు, సంతకం అప్పుడే" అన్నది. రెండు అడుగులేసి, తిరిగి, "మిగిలినోళ్ళకు ఆ తెలుగు మాటలు నేర్పమనుండ్రి, లేకపోతే ఈమె ఇంగ్లీషు నేర్సుకోవాలె" అన్నది. మొదటిసారి నవ్వంగ ఆమె పండ్లు చూసిన.

టీము బస్సు కాడ అఖిల నిలబడ్డది. చెమట, మట్టి, మోచేతికి రక్తం. థోయి పక్కనుంచి పోతు, దాని నెత్తి మీద ఒక్కటి సరసంగ ఏసిపోయింది. మా ఆయన నీళ్ళ సీసా మూత తీస్తుండు, పెడ్తుండు.

అఖిల నా చెవి కాడికి వంగింది. గొంతు లేదు, గాలే వస్తుంది.

"అవ్వా, నిజం చెప్పు. గా గోల్ నేను పిలిచినందుకే అయిందా?"

ఊరడిచ్చే మాటలు శాన ఉన్నయ్ నా దగ్గర. అయినా కండ్లతోని సూసిందే చెప్పిన.

"థోయి నీ దిక్కు సూసింది, నిజమే. కానీ బిడ్డా, గంత దూరం కెంచి గా పిల్ల మస్తు కొట్టింది. గంతే."

అఖిల గ్రౌండు దిక్కు సూసింది. ఆడి పనోళ్ళు గోల్ కాడి వల ఇప్పుతుండ్రు.

"అవ్ అవ్వా" అన్నది, ఆ గాలి గొంతుతోనే. "ఎడమ కాలుతోని కొట్టింది. ఇంకోసారి ఎదురైతే ఆ కాలు మీద ఒకరిని పెట్టాలె."

అని బస్సెక్కి పోయింది.